ఫిర్యాదుల్లేని వీధి

మా కోడలు వార్డు ఆఫీసులో పనిచేసేది. మా వీధి మలుపు తిరగ్గానే ఒకే ఒక్క గది. తలుపుకి ఎదురుగా తన బల్ల, గోడవారగా నీలం రంగు బెంచీ, మూలన మంచినీళ్ల కుండ. ఆఫీసంటే అంతే. బెంచీ మీద మనుషులు కూర్చునే మేర రంగు అరిగిపోయి లోపలి చెక్క కనబడేది. నేను ఈ వీధికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ బల్ల దగ్గర ముక్కుపొడుం పీల్చే పెద్దాయన ఉండేవాడు. పొద్దున్నే ఆయన తుమ్ము వినబడితే ఆఫీసు తెరిచారని అనుకుని పొయ్యి మీంచి టీ దించేవాళ్లం. ఆయన తర్వాత గళ్ల శాలువా ఆవిడ వచ్చింది. ఎండాకాలం కూడా ఆ శాలువా తీసేది కాదు. ఆవిడ తర్వాత మా కోడలు. మనుషులు మారారు గానీ పని మారలేదు. మురుగు పొంగినా, వీధి దీపం వెలగకపోయినా, పుట్టినవాళ్లకి కాగితం కావాలన్నా, పోయినవాళ్లకి కాగితం కావాలన్నా వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుని చెప్పుకోవడమే.

మా కోడలిది ఒక పద్ధతి. ముందు వినేది, తర్వాతే కలం ముట్టుకునేది. కుళాయి సంగతి చెప్పడానికి వచ్చిన ముసలావిడ ముందు అల్లుడి సంగతి ఎత్తుకునేది. అల్లుడు, అల్లుడి తల్లి, ఆ తల్లి నోరు, అన్నీ అయ్యాక గానీ కుళాయి దగ్గరికి వచ్చేది కాదు. ఒకరోజు నేను అక్కడే ఉండి, "ఎందుకమ్మాయ్ ఈ గోలంతా వింటావు, కుళాయి సంగతి అడిగి పంపించెయ్యరాదా?" అన్నాను.

"అడిగితే 'నీళ్లు రావడం లేదు' అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతుంది అత్తయ్యా. విన్నాను గనక తెలిసింది, అల్లుడు కోపంతో పైపు మెడ విరగ్గొట్టాడని. ఇప్పుడు నేను పంపాల్సింది నీళ్ల మనిషిని కాదు, కొత్త పైపుతో మేస్త్రీని," అంది.



అలాంటి రోజుల్లో పైవాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఊరి ఆఫీసులన్నీ దుకాణాల్లా నడవాలట. దుకాణం అయితే శుభ్రంగా ఉంటుంది, మర్యాద ఉంటుంది, పని చురుగ్గా జరుగుతుంది, పని చెయ్యనివాడు నిలబడడు. వినడానికి బాగానే ఉంది. మా వాడు కూడా, "మంచిదేగా అమ్మా, పెద్దాఫీసులో ఒక్క సంతకం కోసం నేనెన్నిసార్లు చెప్పులు అరగదీశానో నీకు తెలియదా?" అన్నాడు. నిజమే, అరగదీశాడు. అందుకని మేమెవరం కాదనలేదు.

ఆఫీసుని ఒక కంపెనీకి అప్పగించారు. కంపెనీ వచ్చి గోడలకి తెల్ల రంగు వేసింది. 'వార్డు ఆఫీసు' అన్న బోర్డు పీకి 'సేవా కేంద్రం' అని దీపాల బోర్డు పెట్టింది. నేలకి బిగించిన కుర్చీలు వచ్చాయి. నీలం బెంచీని వీధిలో పారేస్తే మా ఎదురింటి దర్జీ మోసుకెళ్లి తన కొట్టు ముందు వేసుకున్నాడు. తలుపు దగ్గర చీటీలిచ్చే యంత్రం పెట్టారు. చీటీ తీసుకుని మన వంతు పిలిచేదాకా కూర్చోవాలి. లోపల ఒక్క మనిషే ఉన్నా సరే, చీటీ తీసుకోవాల్సిందే. అన్నిటికంటే వింత, బయటి గోడకి బిగించిన పెట్టె. దాని మీద మూడు బొమ్మల ముఖాలు. ఆకుపచ్చది నవ్వుతూ, పసుపుది మూతి బిగించుకుని, ఎర్రది ఏడుస్తూ. పని చూసుకుని వెళ్లేవాళ్లు తమ మనసు ఎలా ఉందో ఆ బొమ్మ నొక్కి వెళ్లాలి. ఆ లెక్కంతా తీగలోంచి కంపెనీ పెద్దాఫీసుకి పోతుంది.

మా కోడలు ఇప్పుడు మున్సిపాలిటీ మనిషి కాదు, కంపెనీ మనిషి. ఏడాదికోసారి ఒప్పందం. నచ్చితే మళ్లీ రాస్తారు, లేకపోతే లేదు. మా వాడు లారీ నడుపుతాడు. సరుకు దొరికిన నెల ఉంటుంది, దొరకని నెల ఉంటుంది. ఇంటికి నికరంగా వచ్చేది కోడలి జీతమే. మనవరాలి చదువు, నా మందులు, ఇంటి అద్దె, అన్నీ దాని మీదే నడిచేవి.

కంపెనీ తరఫున ఆ చుట్టుపక్కల కేంద్రాలకి మార్కులు వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. మేం ఆయనకి మార్కులాయన అని పేరు పెట్టుకున్నాం. చెడ్డవాడని చెప్పను. మెల్లగా మాట్లాడేవాడు, నాలాంటి దాన్ని చూసినా లేచి నిలబడేవాడు. వచ్చిన మొదటిరోజే మా కోడలికి పాఠం చెప్పాడు.

"ఇకమీదట జనం అనకండి మేడమ్. కస్టమర్లు అనండి."

"తేడా ఏంటండీ?"

"జనం అంటే గుంపు. కస్టమర్ అంటే మన దగ్గరికి కోరి వచ్చినవాడు."

"మురుగు ఇంట్లోకొస్తే కోరి ఎక్కడికొస్తాడండీ, పరిగెత్తుకుంటూ వస్తాడు," అంది కోడలు. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే మేమంతా ఆయన్ని నమ్మాం.

కొన్నాళ్లకి ఒక వార్త తెచ్చాడు. ఈ వైపు మూడు కేంద్రాలున్నాయి. మాది, బజారుది, రైలు గేటు దగ్గరిది. మూడెందుకు, రెండు చాలని పైన అనుకుంటున్నారు. ఏడాది చివర ఒకటి మూసేస్తారు. "మీరు మాత్రం మార్కులు బాగా తెచ్చుకోండి మేడమ్," అని చెప్పి వెళ్లాడు. ఏ కేంద్రం మూస్తారో, దేన్ని బట్టి మూస్తారో ఆయన చెప్పలేదు. మార్కులు తక్కువ వచ్చిన దాన్నే మూస్తారని అందరం అనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా, పరీక్షంటే మనకి తెలిసింది అదే.

ఆ సాయంత్రం దర్జీ కొట్టు ముందు, పాత నీలం బెంచీ మీద, పంచాయితీ జరిగింది. దర్జీ మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు నోట్లో ఉండగానే మాట్లాడటం ఆయనకి అలవాటు. వింటున్నవాళ్లకే గుండె జారేది. పక్కన ఇస్త్రీ ఆవిడ, కొంగు పట్టుకుని కూతురు. నేనొక చివర కూర్చున్నాను.

"ఏం పెద్దమ్మా, మన ఆఫీసు ఎత్తేస్తారటగా?" అన్నాడు దర్జీ.

"మార్కులు తగ్గితేనట."

"తగ్గవు. తగ్గనివ్వను. ఇవాళ్టి నుంచి ఈ వీధిలో ఎవడూ ఫిర్యాదు చెయ్యడానికి లేదు. ఆ ఏడుపు బొమ్మ నొక్కినవాడి జేబులు కుట్టేస్తా. మళ్లీ చెయ్యి దూరదు."

"మరి మురుగు పొంగితేనో?" అంది ఇస్త్రీ ఆవిడ.

"ముక్కు మూసుకో."

"దీపం పోతే?"

"కళ్లు మూసుకో. పడుకునే వేళకి దీపంతో పనేంటమ్మా నీకు?"

అందరం నవ్వాం. నవ్వుతూనే ఒప్పుకున్నాం కూడా. ఇస్త్రీ ఆవిడ కూతురికి పుట్టిన కాగితం లేదని బడిలో చేర్చుకోకపోతే, మా కోడలు ఆస్పత్రి చుట్టూ తిరిగి తెచ్చిపెట్టింది. దర్జీ తండ్రి పోయినప్పుడు, సెలవు రోజైనా ఆఫీసు తెరిచి కాగితం రాసిచ్చింది. అలాంటి పిల్ల ఉద్యోగం పోతుందంటే చేతులు ముడుచుకుని ఎవరు కూర్చుంటారు?

"అక్కకి మాత్రం చెప్పొద్దు. చెప్తే ఒప్పుకోదు," అంది ఇస్త్రీ ఆవిడ.

చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇంక చూడాలి మా వీధి సంబరం. కాగితం పని ఉన్నవాళ్లే లోపలికి వెళ్లేవాళ్లు. వచ్చేటప్పుడు నవ్వు బొమ్మ టక్కున నొక్కి వచ్చేవాళ్లు. పని లేనివాళ్లు కూడా దారినపోతూ ఒక నొక్కు నొక్కేవాళ్లు. బడికెళ్లే పిల్లలు మడమలెత్తి మరీ నొక్కేవాళ్లు. చెత్త బండి రాకపోతే ఎవరి చెత్త వాళ్లు సంచిలో కట్టుకుని బజారు వైపు మోసుకెళ్లి పడేసేవాళ్లం. మలుపులో దీపం పోతే దర్జీ తన కొట్టులోంచి తీగ లాగి బల్బు వేలాడదీశాడు. మురుగు కాలవ మీద రాతిపలక విరిగితే ఎవరో పాత తలుపు రెక్క తెచ్చి పరిచారు. దాని మీద నడుస్తుంటే గొళ్లెం టకటకలాడేది. "మురుగుకి తలుపు పెట్టాం పెద్దమ్మా, ఇక అది అడక్కుండా బయటికి రాదు," అనేవాడు దర్జీ.

మా కేంద్రం మార్కుల్లో మొదట నిలిచింది. మార్కులాయన మా కోడలి ఫోటో తీసి, చట్రం కట్టించి, ఆఫీసు గోడకి తగిలించాడు. మా వాడైతే ఆ ఫోటోకి ఫోటో తీసుకుని లారీలో పెట్టుకున్నాడు.

కోడలు మాత్రం అంత కులాసాగా లేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపేసింది.

"అత్తయ్యా, పొద్దున్నుంచి ఒక్కరు కూడా రాలేదు. నిన్నా అంతే. కాగితాలకి తప్ప ఎవరూ రావట్లేదు. చెప్పుకోవడానికి ఎవరూ రావట్లేదు."

"ఇబ్బందులు లేవేమో. మంచిదేగా?"

"నేను ఈ కుర్చీలో ఇన్నేళ్లుగా ఉన్నాను. ఇంత సుఖంగా ఈ వీధి ఎప్పుడూ లేదు. నాకెందుకో భయంగా ఉంది."

"సుఖంగా ఉంటే భయమేంటే తల్లీ? పెట్టు, పెట్టు, చల్లారిపోతోంది," అని మాట దాటేశాను.

ఆ రోజుల్లోనే ఇస్త్రీ ఆవిడ ఒక సాయంత్రం మా వంటింటి గడపలో వచ్చి కూర్చుంది. ఆవిడ ఇల్లు మా వీధికి దిగువ చివర, కాలవ పక్కన.

"పెద్దమ్మగారూ, ఇది వాసన చూడండి," అని తెల్ల చొక్కా ఒకటి ముక్కు దగ్గర పెట్టింది. ఇస్త్రీ చేసేటప్పుడు బట్ట మీద నీళ్లు చిలకరిస్తారు కదా, ఆ నీళ్ల వాసన వేడికి పైకొచ్చింది. సబ్బు వాసన కింద సన్నగా మురుగు వాసన. "ఒకాయన మూటంతా తిరిగి పంపేశాడు. మా వైపు కుళాయి నీళ్లే అలా వస్తున్నాయి."

"అయ్యో, కోడలికి చెప్పొద్దూ?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. ఏడాది చివరికి వచ్చేశాం. నా ఒక్కదాని మూలంగా అక్క మార్కులు పోతే నేను తట్టుకోలేను. పైవీధి కుళాయి నుంచి మోసుకొచ్చుకుంటున్నాను లెండి. కాచుకుంటున్నాను కూడా."

"పిల్ల జాగ్రత్త," అన్నాను. ఆ ఒక్క మాట అని ఊరుకున్నాను. ఆవిడ మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

పిల్లలకి దాహం వేస్తే పైవీధి నీళ్లు, కిందవీధి నీళ్లు అని చూస్తారా? ఆవిడ కూతురు ఆడుకుని వచ్చి ఇంట్లో కుళాయికి నోరు పెట్టి తాగేసింది. ఎన్నిసార్లు తాగిందో తల్లికి తెలియదు. ఆవిడ ఇస్త్రీ పెట్టె దగ్గర ఉండేది.

మా ఇంటికి ఇస్త్రీ బట్టలు రాకపోవడంతో కోడలికి అనుమానం వచ్చింది. ఆఫీసు నుంచి అటే వెళ్లింది. ఇంటికి తాళం. పక్కింటివాళ్లు ఆస్పత్రి అని చెబితే ఆస్పత్రికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి సాయంత్రం దీపాలు పెట్టే వేళ. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. చేతిలో సీసా, సీసాలో నీళ్లు.

"వాసన చూడండి అత్తయ్యా."

నేను చూడలేదు. నా ముఖం చూసి తనకే అర్థమైపోయింది.

"మీకు తెలుసు."

"అమ్మాయ్..."

"పిల్లకి సెలైన్ ఎక్కిస్తున్నారు. కళ్లు లోపలికి పోయాయి. ఏ నీళ్లు తాగించారని డాక్టరు అడిగితే వాళ్లమ్మ నా వంక చూస్తోంది. చెప్పడానికి నన్ను చూసి జంకుతోంది! నన్ను చూసి!" సీసా గడప మీద పెట్టింది. "ఎవరు చెప్పారు మీకు నన్ను కాపాడమని?"

అప్పటికి దర్జీ కూడా కొట్టులోంచి వచ్చాడు. "నీ కోసమే చెల్లెమ్మా. ఉద్యోగం పోతుందని..."

"నా ఉద్యోగం ఏంటన్నయ్యా? అక్కడ కూర్చుని ఫోటో తీయించుకోవడమా? మీరు చెబితే వినడం నా ఉద్యోగం. మీరంతా కలిసి ఎప్పుడో తీసేశారు దాన్ని. ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి జీతం ఇప్పిస్తున్నారు."

దర్జీ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు. 

మా వాడు లోపల్నుంచి మెల్లగా అన్నాడు. "ఈ వారంలోనేగా మార్కులాయన చివరిసారి వచ్చేది. ఆయన వెళ్లాక రాయొచ్చుగా? మున్సిపాలిటీలో తెలిసినవాళ్లకి ఒక మాట చెప్పి పైపు బాగుచేయిద్దాం."

"తెలిసినవాళ్లు ఎవరూ లేరు ఇప్పుడు. పైపుల పని ఇంకో కంపెనీది. రాస్తేనే వస్తారు."

"ఒప్పందం రాయకపోతే మరి అద్దె..."

"తెలుసు," అంది.  ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్లింది. మనసు ఊరుకోక నేను వెనకే వెళ్లాను, దర్జీ కూడా వచ్చాడు. కోడలు తలుపు తీసింది, దీపాలు వేసింది. కానీ తన కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరికి వచ్చి యంత్రంలోంచి చీటీ తీసుకుంది. బిగించిన కుర్చీల్లో ఒకదాని మీద, చీటీ చేత్తో పట్టుకుని, కూర్చుంది. యంత్రం తన వంతు పిలిచింది. లేచి బల్ల చుట్టూ తిరిగి లోపలికి వెళ్లి, తన ఫిర్యాదు తనే కంప్యూటర్లో కొట్టుకుంది. కుళాయిలో మురుగు, పిల్లకి జబ్బు, తన పేరు, తన ఇంటి నంబరు. మళ్లీ బయటికి వచ్చి పెట్టె ముందు నిలబడింది.

"చెల్లెమ్మా, అదొక్కటి వద్దు," అన్నాడు దర్జీ.

ఎర్ర బొమ్మ నొక్కింది.

వెనక్కి తిరిగేసరికి మెట్ల కింద మార్కులాయన నిలబడి ఉన్నాడు, సంచి భుజాన వేసుకుని. ఎంతసేపు చూశాడో ఏమో.

"లోపలికి రండి మేడమ్, మాట్లాడుకుందాం," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

"ఒక్క ఫిర్యాదుతో ఏం కాదు మేడమ్. మీ మార్కులు చాలా పైన ఉన్నాయి. మొదటి స్థానం మీదే. ప్రశంసాపత్రం కూడా తెచ్చాను." సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీదే చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "అయితే ఈ కేంద్రం మూసేస్తున్నారు. నిర్ణయం ముందే అయిపోయింది."

నాకు చెవులు సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను. దర్జీ అందుకున్నాడు. "మొదటి మార్కు వచ్చిందాన్ని మూస్తారా? మరి ఆఖరు వచ్చిందాన్ని ఏం చేస్తారు, పూలదండ వేస్తారా?"

"బజారు కేంద్రం ఆఖరు. అక్కడ ఇంకో కౌంటరు పెడుతున్నారు."

"ఎందుకని?"

"అక్కడ రద్దీ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫిర్యాదులే. అంటే అక్కడ సేవ అవసరం ఉంది. ఇక్కడ..." అంటూ గది చుట్టూ చూశాడు. తెల్ల గోడలు, ఖాళీ కుర్చీలు, ఫోటో. "ఇక్కడ ఎవరూ ఏమీ అడగట్లేదు. అడగని చోట దుకాణం నడపరు కదండీ."

 "మరి పైపు?" అంది మా కోడలు.

"రాశారుగా. వస్తారు. కాకపోతే ఎక్కడ ఎక్కువమంది అడిగితే అక్కడికి ముందు వెళ్తారు. ఒక్క ఫిర్యాదంటే వరసలో బాగా కిందుంటుంది."

ఆ మాట పూర్తి కాకముందే దర్జీ గుమ్మం దాటాడు. మెడలో టేపు ఎగురుతూ ఉంది. పెళ్లికి కుట్టాల్సిన బట్టలు ఆలస్యమైనప్పుడు కూడా ఆ మనిషి అలా పరిగెత్తలేదు. ఇంటింటి తలుపు కొట్టాడు. "రండి, రండి! ఏముంటే అది చెప్పండి! దాచినవన్నీ తీయండి!"

వీధి వీధంతా వచ్చింది. చీటీల యంత్రంలో కాగితం చుట్ట అయిపోయింది. అయిపోయినా వరస తరగలేదు. దిగువ ఇళ్లవాళ్లందరి నీళ్లూ వాసనేనట, ఎవరికి వాళ్లు తమ ఇంట్లోదే అనుకుని నోరు మూసుకున్నారు. ఒకావిడ తలుపు రెక్క మీద జారి పడి చెయ్యి వాచి ఉంటే పైట కింద దాచుకుని తిరుగుతోందట. ఒకాయన చెత్త మోసి మోసి నడుం పట్టేసిందట. అల్లుడి ముసలావిడ కూడా వచ్చి మళ్లీ అల్లుడితోనే మొదలుపెట్టింది. కోడలు కలం పక్కన పెట్టి మొత్తం వింది. ఎన్నాళ్లకో ఆ గదిలో మనుషుల వేడి తగిలింది నాకు. సంతోషంగా ఉందని మాత్రం అనలేను. అంత బాధ మా మధ్యనే, మా నవ్వుల కిందే ఇన్నాళ్లూ ఉందా అనిపించింది.

బయట పెట్టె మీద ఏడుపు బొమ్మ వెలుగుతూ ఆరుతూ, వెలుగుతూ ఆరుతూ ఉంది.

మార్కులాయన ఒక మూల నిలబడి చూస్తున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇవన్నీ ముందే వచ్చి ఉంటే మేడమ్, ఈ కేంద్రం నిలబడేది," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

"ముందే ఉన్నాయండీ," అంది కోడలు. "నా దగ్గరికి రాలేదు, అంతే."

పైపుల కంపెనీవాళ్లు వచ్చారు. తవ్వారు. మంచినీళ్ల పైపూ, మురుగు గొట్టమూ ఒకే గోతిలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. రెండూ బీటలు వారి ఉన్నాయి. మార్చి పూడ్చేసి వెళ్లారు. ఇస్త్రీ ఆవిడ కూతురు ఇంటికొచ్చింది, పుల్లలా చిక్కిపోయి. బాగానే ఆడుకుంటోంది. కానీ ఇప్పటికీ ఎవరు నీళ్లిచ్చినా ముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. మా ఇంట్లో నేనిచ్చినా అంతే. 

ఆఫీసుకి తాళం పడింది. కుర్చీలు ఊడదీసుకుపోయారు. మా కోడలికి మళ్లీ ఒప్పందం రాయలేదు. బజారు కేంద్రంలోనైనా తీసుకోమని అడిగితే కాగితం చూపించారట. చివరి వారంలో కస్టమర్ల సంతృప్తి ఒక్కసారిగా పడిపోయింది, పనితీరు సరిగా లేదు అని. ప్రశంసాపత్రం చూపిస్తే, అది ముందు నెలదన్నారట. మేం ఎర్ర బొమ్మ నొక్కకపోతే ఆఫీసు పోయింది, నొక్కితే ఉద్యోగం పోయింది. ఎలా నొక్కాలో ఎవరైనా చెప్తే బాగుండేది.

మా వాడు దూరాల సరుకు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఇంటి పట్టున ఉండడు. నేను మందులు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, కోడలికి తెలియకుండా. ఆమెకి తెలిస్తే ఎలా అరుస్తుందో నాకు తెలుసు. నా బుద్ధి ఇంకా మారలేదు చూశారా.

కోడలు దర్జీ కొట్టులో గుండీలు, కాజాలు కుడుతోంది. కూర్చునేది ఆ నీలం బెంచీ మీదే. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అక్కడికే వస్తున్నారు. పక్కన కూర్చుని చెప్పుకుంటారు. విని, వాళ్ల తరఫున కంపెనీ నంబరుకి ఫోను చేస్తుంది. అటువైపు పాట వస్తుంది. ఆ పాట అయ్యేదాకా కాజాలు కుడుతుంది. "నా కొట్టుకి ఇంతమంది ఎప్పుడూ రాలేదు పెద్దమ్మా. ఒక్కడి చేతిలోనూ గుడ్డ ముక్క లేదు," అంటాడు దర్జీ.

ఆఫీసు గోడకి ఉన్న మూడు ముఖాల పెట్టె మాత్రం అలాగే ఉంది. కుర్చీలు తీసేవాళ్లు వేరట, పెట్టె తీసేవాళ్లు వేరట. తీగ కూడా తెగలేదు. నేను రోజూ పాలకి వెళ్తూ అక్కడ ఆగుతాను. ఆగి, ఎర్ర బొమ్మ నొక్కి వెళ్తాను. మొదట కోపంతో నొక్కాను. ఇప్పుడు కోపం లేదు గానీ, నొక్కకపోతే అంతా బాగుందని ఎవరైనా అనుకుంటారేమోనని భయం.

మొన్నొక మధ్యాహ్నం నేనూ బెంచీ మీద కూర్చుని కోడలికి సూదిలో దారం ఎక్కించి ఇస్తున్నాను. ఎదురుగా అరుగు మీద ఇస్త్రీ ఆవిడ కూతురు. కోడలి ఫోను మోగింది. చేతిలో గుడ్డ ఉందని స్పీకరు వేసి బెంచీ మీద పెట్టింది. ఎవరో ఆడపిల్ల గొంతు, గడగడా చదువుతున్నట్టు. దర్జీ మిషను తొక్కడం ఆపాడు. అందరికీ వినబడుతోంది.

"మేడమ్, పెద్దాఫీసు నుంచి. మీ కేంద్రంలో రోజూ ఒక అసంతృప్తి నమోదవుతోంది. మీ మార్కులు పడిపోతున్నాయి."

"ఆ కేంద్రం మూసేశారమ్మా."

"మా దగ్గర తెరిచే ఉన్నట్టుంది మేడమ్. బాధ్యులుగా మీ పేరే ఉంది. ఎవరు నొక్కుతున్నారు?"

కోడలు నా వంక చూసింది. నేను సూది బెజ్జంలోకి తీక్షణంగా చూస్తూ కూర్చున్నాను.

"జనం అమ్మా," అంది.

"కస్టమర్ అని రాసుకుంటాను మేడమ్. కారణం ఒక్క ముక్కలో చెప్పండి. నీళ్లా, చెత్తా, దీపాలా, ఇతరమా?"

"ఒక్క ముక్కలో రాదమ్మా. నువ్వు రాయడం ఆపి ముందు విను."

అటువైపు గొంతు తగ్గింది. చదివినట్టు కాకుండా మామూలు పిల్లలా మాట్లాడింది. "మేడమ్, ఒక్కో కాల్‌కి ఇంతే టైమ్ ఇస్తారు. దాటితే నా మార్కులు పోతాయి. ఈ నెల ఇప్పటికే తగ్గాయి. సంతృప్తి అని రాసేసి ముగించనా? ఏమనుకోకండి."

కోడలి నోరు సగం తెరుచుకుంది. సరేలే అమ్మా అనబోతోందని నాకు తెలుసు. ఆ పిల్ల గొంతు వింటే ఎవరికైనా అదే వస్తుంది. నాకూ అదే అనాలనిపించింది. దర్జీ కూడా తల ఊపుతున్నాడు, పోనీలే అన్నట్టు.

ఎదురుగా అరుగు మీద చిన్నపిల్ల నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండా, ముక్కు దగ్గర పెట్టుకుంది.

కోడలు గుడ్డ ఒళ్లో పెట్టుకుంది.

"నీ మార్కులు పోతాయి, నాకు తెలుసు," అంది. "నావి కూడా అలాగే పోయాయి. అయినా విను తల్లీ."

 ఆ పిల్లకి ఎవరున్నారో, దాని జీతం మీద ఎంతమంది ఉన్నారో. ఫోను పెట్టేస్తుందని చూశాం. పెట్టెయ్యలేదు. ఊపిరి వినబడుతోంది.

మా కోడలు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.